చెవికి తెలిసేది, నాలుకకు తెలియనిది

సూరత్ నగరంలోని రింగ్ రోడ్డుకు బట్ట కొనడానికి వచ్చేవారు దానిని వేళ్ళతో నలిపి చూస్తారు. వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తారు. ఎవరైనా అదే బట్టను నోటికి అడ్డంగా పెట్టుకుని ఉఫ్ఫుమని ఊదితే దుకాణదారు విస్తుపోక తప్పదు. అట్లా ఊదినవాడు చీరల వ్యాపారి అయి ఉండడు. తన ఇంట్లో తన చేతులతో లౌడ్‌స్పీకరు తయారు చేసుకుంటున్న ఔత్సాహికుడై ఉంటాడు. ఊపిరి అడ్డు లేకుండా సాగిపోయే పలుచని బట్ట గుండా ధ్వని కూడా సాగిపోతుంది. ఊపిరి ఆగిపోయే బట్టను స్పీకరు ముఖానికి కట్టరాదు. ఒక చేతిపనివాడు మరొక చేతిపనివాడికి చెప్పగా వ్యాపించే చిట్కా ఇది. ఖర్చు లేదు, నిజమో కాదో అక్కడికక్కడే తేలిపోతుంది.

కాని సలహాలన్నీ ఇంత సులభంగా తేలవు. కొన్నింటిని నమ్మి చెడితే ఒక రాగితీగ చుట్ట కాలుతుంది. మరికొన్నింటిని నమ్మి చెడితే మనిషి ప్రాణమే పోతుంది. ఈ తేడాను తెలుసుకోవడానికి రెండు ఔత్సాహిక విద్యలను పక్కపక్కన పెట్టి చూద్దాం: ఒకటి లౌడ్‌స్పీకరు పెట్టె కట్టడం, రెండవది మాంసానికి పొగ పట్టించడం.

పైకి ఈ రెంటికీ పొంతన కనిపించదు. అయినా రెండూ ఒక పెట్టెలోని గాలిని అదుపు చేసే విద్యలే. రెంటికీ డబ్బు కంటె ఓపిక ఎక్కువ కావాలి. రెంటిలోనూ ఆదివారం నాడు చేసి చెడగొట్టుకుని, సోమవారం నాడు తోటివారిని అడిగి తెలుసుకునేవారే అధికం.

రెండు నగరాలు, రెండు వీధులు

రింగ్ రోడ్డు పొడవునా అంతస్తుల మీద అంతస్తులుగా బట్టల మార్కెట్లు లేచి ఉన్నాయి. సింథటిక్ బట్టల టోకు వ్యాపారానికి దేశమంతటా పేరు మోసిన చోటు ఇది. ఈ నగరంతో తెలుగువారి సంబంధం నిన్నటిది కాదు. తెలంగాణ జిల్లాల నుండి పద్మశాలి నేతపనివారు సోలాపూర్‌కు, భివండికి, సూరత్‌కు తరలిపోయి మరమగ్గాల మీద బతుకు నేసుకున్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నడుపుతూ వచ్చింది.

తెలుగువారు సూరత్‌కు వెళ్ళినట్లే గుజరాతీలు హైదరాబాద్‌కు వచ్చారు. కోఠీలో రేడియో, ఆంప్లిఫైయరు విడిభాగాల కోసం వెతికేవారు చేరుకునే సందు పేరు గుజరాతీ గల్లీ. స్పీకరు కట్టదలచిన వానికి కోను, అయస్కాంతం, కాయిలు అటువంటి గల్లీలో దొరికితే, ముఖానికి కట్టే బట్ట, పెట్టె లోపల కూరే పాలిస్టరు దూది రింగ్ రోడ్డు సరుకే. ఆ దూది పెట్టె లోపలి గాలి వేడిని తాను పీల్చి తిరిగి ఇస్తూ ఉంటుంది. అందువల్ల పెట్టె ఉన్నదాని కంటె కొంత పెద్దదైనట్లు ప్రవర్తిస్తుంది.

పెట్టె ఎందుకు?

నేడు మనం ఎరిగిన కోను స్పీకరుకు రూపమిచ్చినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్. అది 1925 నాటి మాట. కోను ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనుక గాలి పలుచబడుతుంది. మధ్య అడ్డు లేకపోతే ముందరి గాలి వెనుకకు జారి, ఒకటి రెండవదానిని చెరిపివేస్తుంది. బేసు, అనగా మంద్రస్వరం, ఈ విధంగానే మాయమవుతుంది. ముందునూ వెనుకనూ విడదీయడమే పెట్టె చేసే మొదటి పని.

వెనుక పుట్టిన ధ్వనిని కూడా వృథా పోనివ్వకుండా, పెట్టెకు ఒక గొట్టం అమర్చి వాడుకునే ఉపాయానికి బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ తూరాస్‌కు 1932లో పేటెంటు లభించింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ‘బూ’ మని మోగుతుంది కదా! సూత్రం అదే. పెట్టె పెద్దదైనకొద్దీ, గొట్టం పొడవైనకొద్దీ స్వరం కిందికి దిగుతుంది.

ఇక్కడే కొత్తవాడు బోల్తా పడతాడు. వాని సంభాషణ ఎక్కడ విన్నా ఇంచుమించు ఒకటే.

“అన్నా, పెట్టె మంచిగనే చేసిన. కాని బేసు వస్తలేదు.”

“కొలతలు బయటినుంచి పట్టినవా, లోపటినుంచి పట్టినవా?”

“బయటినుంచే.”

“గదే మరి తమ్మీ!”

ఆ ‘గదే మరి’లో ఎంత ఉన్నదో లెక్క వేసి చూడండి. లోపల 40, 30, 25 సెంటీమీటర్ల కొలతలు గల పెట్టెలో 30 లీటర్ల గాలి పడుతుంది. అవే కొలతలను బయటినుంచి పట్టి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో కడితే ప్రతి కొలతలోనూ 3.6 సెంటీమీటర్లు చెక్కకే పోతాయి. మిగిలేది 20.6 లీటర్లు మాత్రమే. దాదాపు మూడవ వంతు గాలి మాయం! ఏడున్నర సెంటీమీటర్ల వ్యాసం, 15 సెంటీమీటర్ల పొడవు గల గొట్టం 30 లీటర్ల పెట్టెలో సెకనుకు సుమారు 46 కంపనాల వద్ద మోగవలసింది, చిన్నదైన పెట్టెలో 56 వద్ద మోగుతుంది. అనుకున్న గంభీరనాదానికి బదులు బొంగురు గొంతు వినవస్తుంది.

ఇటువంటి లెక్కలను ఔత్సాహికునికి అందుబాటులోకి తెచ్చినవారు ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇద్దరు ఇంజనీర్లు. నెవిల్ తీల్ 1961లో తన దేశంలో ప్రచురించిన పరిశోధనను బయటి ప్రపంచం అంతగా గమనించలేదు. 1971లో అమెరికా పత్రిక దానిని పునర్ముద్రించాకనే దానికి వ్యాప్తి కలిగింది. రిచర్డ్ స్మాల్ 1972, 1973 సంవత్సరాలలో దానిని విస్తరించాడు. మంచి సలహా ఉండడం ఒక ఎత్తు, అది చేరవలసినవానికి చేరడం మరొక ఎత్తు అనడానికి ఆ పది సంవత్సరాలే సాక్ష్యం.

అగరువత్తి చెప్పే సాక్ష్యం

అనుభవజ్ఞులు చెప్పే పరీక్షలు మరి రెండు ఉన్నాయి. స్పీకరు తీగలకు ఒకటిన్నర వోల్టుల టార్చి బ్యాటరీని క్షణకాలం తాకించండి. ధనధ్రువం ధనధ్రువానికి తగిలినప్పుడు కోను ముందుకు రావాలి. రెండు స్పీకర్లలో ఒకటి ముందుకూ ఒకటి వెనుకకూ కదిలేట్లు తీగలు కలిపితే, ఎంత ఖరీదైన సామగ్రి పెట్టినా బేసు పలుకదు.

రెండవ పరీక్షకు అగరువత్తి చాలు. మంద్రస్వరం మోగుతుండగా వెలిగించిన వత్తిని పెట్టె అతుకుల వెంబడి నెమ్మదిగా నడపాలి. గాలి కారే చోట నిలువుగా లేచే పొగ రెపరెపలాడుతుంది. అక్కడ జిగురు పూయాలి.

‘ఎన్ని వాట్లు?’ అన్నది కొత్తవారు మొట్టమొదట అడిగే ప్రశ్న. వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే సుమారు పది రెట్లు శక్తి కావాలి. పైగా వాట్లు ఎన్ని ఉన్నా వినియోగించడానికి హద్దు ఉన్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమావళి ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు లౌడ్‌స్పీకరు వాడకంపై ఆంక్ష ఉన్నది.

ఇంతవరకు చెప్పుకున్న తప్పులన్నింటికీ ఒక మంచి గుణం ఉన్నది. చెవి వాటిని పట్టిస్తుంది. పెట్టె విప్పి, సరిదిద్ది, మళ్ళీ బిగించవచ్చు.

పొగపెట్టె

మాంసాన్ని నిలవచేయడం తెలుగువారికి కొత్త కాదు. పలుచగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, దారానికి గుచ్చి ఎండబెట్టిన తునకలు మన పల్లెలలో పరిచితమే. నాగాలాండ్ ఇళ్ళలో పొయ్యి మీద వేలాడదీసిన పంది మాంసానికి దినాల తరబడి పొగ పడుతుంది. మాల్దీవులలో చేపను ఉడికించి, పొగ పట్టించి, చెక్కవలె గట్టిపడే దాకా ఎండబెడతారు. కట్టె మండేటప్పుడు వెలువడే ఫీనాల్ వంటి పదార్థాలు పైపొరలోని సూక్ష్మజీవులను కొంతవరకు అదుపు చేస్తాయి, సువాసననూ ఇస్తాయి.

నేటి ఔత్సాహికుడు ఇనుప పీపానో, ఇటుక గూడునో పొగపెట్టెగా మార్చి, లోపలి వేడిని 105 నుండి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలిపి, గంటల తరబడి మాంసాన్ని ఉడికిస్తాడు. ఎండిన మామిడి కట్టె, జామ కట్టె ఇందుకు అనుకూలం. సన్నగా, లేత నీలిరంగులో లేచే పొగ మంచిది. దట్టమైన తెల్లని పొగ కట్టె సరిగా మండడం లేదనడానికి గుర్తు; అది మాంసాన్ని చేదు చేస్తుంది.

ఇక్కడ కూడా కొత్తవాని తొందర ప్రసిద్ధమే. పెద్ద ముక్క లోపలి వేడి 70 డిగ్రీల సమీపానికి వచ్చి, గంటల కొద్దీ అక్కడే నిలిచిపోతుంది. నిప్పు చాలలేదనుకుని కట్టెలు ఎగదోస్తే మాంసం ఎండిపోతుంది. వేసవిలో మట్టికుండ నీటిని చల్లబరచినట్లే, మాంసం నుండి ఆవిరయ్యే తేమ దానిని చల్లబరచుతున్నదని అమెరికా భౌతికశాస్త్రవేత్త గ్రెగ్ బ్లాండర్ ప్రయోగపూర్వకంగా చూపించాడు. వేచి ఉండడమే దానికి మందు.

ఈ తప్పు నాలుకకు తెలుస్తుంది. తెలియని తప్పులే అసలు సమస్య.

కనిపించని తప్పులు

స్పీకరు పెట్టె కట్టగా మిగిలిన ప్లైవుడ్ ముక్కలు ఇంటి మూలన పడి ఉంటాయి. ‘కట్టె కట్టే కదా’ అని వాటిని పొగపెట్టెలో వేయడం ప్రమాదం. ప్లైవుడ్‌ను అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ కలిసి ఉంటుంది. రంగు పూసిన చెక్క కూడా పనికిరాదు. సూరత్‌లో వస్త్రాలకు రంగులద్దే మిల్లులు ఎన్నో ఉన్నాయి. రసాయనాలు నిలవచేసిన పీపా ఎంత చవకగా దొరికినా, ఎంత కడిగినా, దానిలో తిండి వండరాదు.

బొగ్గులు కాలే పొగపెట్టెను గదిలోనికి తేరాదు. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మనిషికి మగత కమ్ముతుంది. ఆ తరువాత మెలకువ రాకపోవచ్చు. బట్టల నిలువల సమీపంలో నిప్పు మాట అసలే తలపెట్టరాదు. 2025 ఫిబ్రవరిలో రింగ్ రోడ్డు ప్రాంతంలోని శివశక్తి టెక్స్‌టైల్ మార్కెట్‌లో చెలరేగిన అగ్ని వందలాది దుకాణాలను దహించివేసింది.

వీటన్నింటి కంటె మోసకరమైనది నిలవచేసిన మాంసంలో పుట్టే విషం. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్‌జెల్ అనే గ్రామంలో ఒక బ్యాండు మేళం వారు అంత్యక్రియల్లో వాయించి, అనంతరం కలిసి భోజనం చేశారు. వడ్డించిన వాటిలో ఊరవేసి నిలవచేసిన పందితొడ మాంసం ఉన్నది. తిన్నవారికి చూపు మసకబారింది, మింగుడు పడలేదు, ఒళ్ళు చచ్చుబడింది. ముగ్గురు మరణించారు. ఎమీల్ వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ మాంసంలో హేతువైన సూక్ష్మజీవిని కనుగొని 1897లో వివరాలను ప్రకటించాడు. ఆ వ్యాధినే బొట్యులిజం అంటారు.

వారు వాద్యకారులు. ఒక్క స్వరం అటు ఇటు అయినా పట్టుకోగల చెవులు వారివి. కాని పళ్ళెంలోని అపశ్రుతిని పట్టుకోగల ఇంద్రియం మనిషికి లేదు. ఆ విషానికి ప్రత్యేకమైన రుచి లేదు, వాసన లేదు. గాలి చొరబడని చోట, ఉప్పు చాలని చోట, తగినంత పులుపు లేని చోట అది పెరుగుతుంది. దాని బీజాలు మరిగే నీటిని సైతం తట్టుకుంటాయి.

కనుక అనుభవజ్ఞులు మాంసం విషయంలో నాలుకను ప్రమాణంగా అంగీకరించరు. కోడి మాంసం లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందని ఉష్ణమాపకం చెప్పాలి. 4 నుండి 60 డిగ్రీల మధ్య మాంసం రెండు గంటలకు మించి ఉండరాదు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఒక గంటకు మించరాదు. ఉష్ణమాపకాన్ని కూడా పరీక్షించాలి. కరుగుతున్న మంచులో అది సున్న చూపాలి. మరుగుతున్న నీటిలో సముద్రమట్టానికి చేరువలో ఉన్న సూరత్‌లో 100, ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 98 పైచిలుకు చూపాలి. నిలవ కోసం వాడే నైట్రైట్ ఉప్పును చిటికెలతో, పిడికిళ్ళతో కొలవరాదు. అది తక్కువైతే రక్షణ ఉండదు. ఎక్కువైతే అదే విషం.

సలహాను తూచే తక్కెడ

సలహా అడగడంలో చిన్నతనం లేదు. అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎంత? ‘కొద్దిగా’, ‘తగినంత’ అనే మాటలకు బదులు అంకె చెప్పగలడా? ఎట్లా తెలిసింది? తానే కొలిచాడా, విన్నది చెబుతున్నాడా? మూడవది అన్నింటికన్న ముఖ్యం: ఈ సలహా తప్పైతే నాకు ఎప్పుడు తెలుస్తుంది?

బేసు రాకపోతే పాట మొదలైన క్షణంలోనే తెలుస్తుంది. అటువంటి చోట ధైర్యంగా ప్రయోగాలు చేయవచ్చు, చెడగొట్టుకుని నేర్చుకోవచ్చు. మాంసం చెడితే తిన్న మరునాటికో, ఆ మర్నాటికో తెలుస్తుంది. అప్పటికి సరిదిద్దుకునే అవకాశం ఉండదు. అక్కడ ‘మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా ఇట్లాగే చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అన్న మాట సాక్ష్యంగా నిలువదు. తాను చెడగొట్టిన పెట్టెల సంగతి దాచకుండా చెప్పి, మాంసం దగ్గరకు వచ్చేసరికి ‘నన్ను నమ్మవద్దు, కొలిచి చూడు’ అనే అన్న దొరికితే ఆ తమ్ముడు అదృష్టవంతుడు.

రింగ్ రోడ్డులో బట్టను నోటికి అడ్డం పెట్టుకున్న మనిషి అంగడివాని మాటనూ నమ్మలేదు, తన కంటినీ నమ్మలేదు, ఊది చూశాడు. పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు కూడా అతనికి ఆ అలవాటు తప్పకుంటే చాలు. అక్కడ ఊది చూడవలసిన పనిని మాత్రం ఊపిరికి గాక ఉష్ణమాపకానికి అప్పగించాలి.