మిగిలిన 156 గంటలు

రాజమండ్రిలో ఉంటున్న మా అమ్మకు ఆరేళ్ళుగా డయాలసిస్ జరుగుతోంది. మనలో చాలామందికి ఊళ్ళో అమ్మో నాన్నో ఏదో ఒక పెద్ద జబ్బుతో ఉన్నవారే. అందుకే డయాలసిస్ అంటే ఏమిటో, అమ్మను చూసి మా అన్నాచెల్లెళ్ళం ఏం నేర్చుకున్నామో ఈ సంచికలో రాస్తున్నాం.

యంత్రం పని 12 గంటలే

కిడ్నీలు రాత్రీ పగలూ రక్తాన్ని శుభ్రం చేస్తూనే ఉంటాయి. అవి పాడైతే రక్తాన్ని బయటికి తీసి, ఫిల్టరు గుండా పంపి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. వారానికి 168 గంటలు. అందులో యంత్రం చూసుకునేది 12. మిగిలిన 156 గంటలు ఒంట్లో నీరు, ఉప్పు, పొటాషియం పెరిగిపోకుండా మనిషే కాచుకోవాలి.

అమ్మకు డాక్టరు రోజుకు లీటరు కొలత పెట్టారు. కాఫీ, మజ్జిగ, చారు అన్నీ అందులోకే. పొద్దున్నే ఒక సీసా నింపుకుంటుంది. కాఫీ తాగితే అన్ని నీళ్ళు సీసాలోంచి తీసి తులసికోటలో పోస్తుంది. సీసా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. రాజమండ్రి ఎండలు ఎరిగినవారికి ఆ కష్టం వేరే చెప్పక్కర్లేదు. ఉప్పు తింటే దాహం వేస్తుంది కనుక ఆవకాయ నాన్నగారికి వడ్డించి తను వేసుకోదు. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోశాకే వండుతుంది. కొబ్బరినీళ్ళలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. గుడిలో ఇచ్చిన అరటిపండు కళ్ళకద్దుకుని పక్కవారి చేతిలో పెట్టేస్తుంది.

ఎడమచేతిలో ధమనిని, సిరను కలిపి చిన్న ఆపరేషన్ చేశారు. దాన్ని ఫిస్టులా అంటారు. ప్రతిసారీ రెండు సూదులూ అక్కడే గుచ్చుతారు. రోజూ లేవగానే అక్కడ వేలు పెట్టి రక్తం కదలిక సన్నగా తెలుస్తోందో లేదో చూసుకుంటుంది. తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వదు, దాంతో బరువెత్తదు.

ఏడ్చి, ముఖం కడుక్కుని

మంగళ, గురు, శనివారాలు అమ్మ డయాలసిస్ రోజులు. శుక్రవారం పూజకు అడ్డు రాకూడదని అడిగి పెట్టించుకుంది. కాళ్ళు పట్టేసి నిద్రలేని రాత్రులు చాలా ఉన్నాయి. "ఇవాళ నేను వెళ్ళనర్రా" అని ఫోన్లో ఏడ్చిన రోజూ ఉంది. ఏడ్చి, ముఖం కడుక్కుని, నాన్నగారి స్కూటరెక్కి వెళ్ళింది. అమ్మ మా దగ్గర ఏదీ దాచలేదు. అందుకే మా కష్టాలు కూడా ఆవిడతో చెప్పుకోగలుగుతున్నాం.

పోయినేడు చెల్లి ఉద్యోగం పోయింది. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజుల గడువు. "అరవై రోజులూ ఇవాళే మొయ్యకే. ఇవాళ నీ చేతిలో ఉన్నదేదో అది చెయ్యి" అంది అమ్మ. ఎవరైనా చెప్పే మాటే అది. రోజూ సీసా కొలుచుకునే మనిషి చెప్పింది కనుక విన్నాం. రోజుకు ఇన్ని దరఖాస్తులు, ఇన్ని ఫోన్లు, ఆపైన నిద్ర అని కాగితం మీద రాసుకున్నాం. ఉద్యోగం దొరక్కపోతే సామాను ఏ రోజు సర్దాలో కూడా అందులో ఉంది. 52వ రోజు ఉద్యోగం దొరికింది.

మనం చేయదగినవి

కిడ్నీలు చెడడానికి ముఖ్య కారణాలు షుగరు, బీపీ. మొదట్లో నొప్పీ ఉండదు, తేడా కూడా తెలియదు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షల గురించి మీ డాక్టరును అడగండి. ఊళ్ళో పెద్దవారికీ చేయించండి. నొప్పి మాత్రలు సొంతంగా రోజుల తరబడి వాడనివ్వకండి.

ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నావమ్మా?" అంటే "బాగానే ఉన్నాను" అనే వస్తుంది. "రాత్రి కాళ్ళు పట్టేశాయా? నిద్ర పట్టిందా?" అని అడిగి చూడండి.

మన గుడిలో ఎవరైనా తీర్థం ఒక్క చుక్క చాలన్నా, పండు వద్దన్నా బలవంతం చేయకండి. కారణం అడగకుండా అక్షతలు, ఒక పువ్వు చేతిలో పెట్టండి.