కారు ఏసీ కంప్రెసర్: ఇంట్లో విప్పగలిగేదెంత, విప్పకూడనిదేది?

ఎండలు ముదిరాక కారు ఏసీ మొరాయిస్తే పడే ఇబ్బంది అంతా ఇంతా కాదు. గాలి వస్తుంది గానీ చల్లదనం ఉండదు. మెకానిక్ దగ్గరికి వెళితే చాలాసార్లు వినిపించే మాట, ‘కంప్రెసర్ పోయింది’. కొత్తది వేయాలంటే ఖర్చు వేల రూపాయల్లో ఉంటుంది. బానెట్ ఎత్తి చూస్తే అది ఇంజను పక్కన మూడు నాలుగు బోల్టులతో బిగించి కనిపిస్తుంది. ఒక బెల్టు, ఒక వైరు, రెండు గొట్టాలు, అంతే. పానాలు పట్టడం తెలిసినవారికి ‘ఇంట్లోనే విప్పి బిగించుకుంటే పోలేదా’ అనిపించడం సహజం. బోల్టుల వరకు ఆ ఆలోచనలో తప్పు లేదు. చిక్కంతా ఆ రెండు గొట్టాల దగ్గరే ఉంది.

చలిని తయారుచేయదు, వేడిని మోస్తుంది

ఏసీ చలిని పుట్టించదు. కారు లోపలి వేడిని తీసుకెళ్లి బయట పారేస్తుంది. ఆ వేడిని మోసే కూలీ శీతలకారి, అంటే వాడుకలో ‘గ్యాస్’. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న చాలా కార్లలో ఇది ఆర్-134ఏ. సాధారణ వాతావరణ పీడనంలో ఈ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఎవాపరేటర్‌లో ఆవిరవుతూ చుట్టూ ఉన్న గాలి నుంచి వేడిని పీల్చుకుంటుంది.

ఆ ఆవిరిని కంప్రెసర్ లాక్కుని గట్టిగా అదుముతుంది. పీడనంతో పాటు ఉష్ణోగ్రత కూడా బయటి గాలి కంటే బాగా పెరుగుతుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్‌లోకి వెళ్లాక వేడిని బయటికి వదిలి, మళ్లీ ద్రవంగా మారుతుంది. కంప్రెసర్‌కు ఉన్న రెండు గొట్టాల్లో లావుపాటిది ఆవిరిని తెచ్చేది, సన్నపాటిది అదిమిన ఆవిరిని పంపేది.

ముందు తేల్చుకోవాల్సింది

కూలింగ్ రాకపోతే ప్రతిసారీ కంప్రెసర్‌దే తప్పు కాదు. గ్యాస్ తగ్గిపోతే పీడనాన్ని కనిపెట్టే స్విచ్ కంప్రెసర్‌ను నడవనివ్వదు. ఫ్యూజు కాలినా, రిలే పాడైనా అదే లక్షణం కనిపిస్తుంది. చాలా కార్లలో బెల్టు తిప్పే చక్రానికీ కంప్రెసర్ ఇరుసుకూ మధ్య విద్యుదయస్కాంత క్లచ్ ఉంటుంది. ఏసీ మీట నొక్కగానే ‘టక్’మని వినిపించేది అదే. క్లచ్ అరిగి మధ్యలో ఖాళీ పెరిగితే అయస్కాంతం దాన్ని లాగలేదు. చాలా కంప్రెసర్లలో ఈ క్లచ్‌ను గ్యాస్ వదలకుండానే మార్చవచ్చు. ఇవన్నీ చూడకుండా కంప్రెసర్ కొంటే డబ్బు దండగే కావచ్చు.

గొట్టాలు కదపకుండా

ఇంజనుకు సంబంధించిన వేరే పని కోసం కంప్రెసర్ అడ్డు తప్పించాల్సి రావడం కూడా మామూలే. అలాంటప్పుడు చాలా కార్లలో గొట్టాలు విప్పనవసరం లేదు. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయాలి. బెల్టు ఏ చక్రం మీదుగా ఎలా వెళ్తోందో ఫోనుతో ఫొటో తీసుకుని, దాన్ని వదులు చేసి తప్పించాలి. కంప్రెసర్ వైరు ఊడదీసి బోల్టులు విప్పాలి. గొట్టాలతో సహా దాన్ని పక్కకు జరిపి గట్టి తీగతో కట్టేయాలి. దాని బరువు గొట్టాల మీద వేలాడకూడదు, గొట్టం మడత పడకూడదు. కిందినుంచి పని చేయాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరకూడదు. స్టాండులు పెట్టాల్సిందే.

గొట్టం విప్పితే

బయట 35 డిగ్రీల వేడి ఉన్న రోజున, ఇంజను ఆపి ఉన్నా సరే, వ్యవస్థలో పీడనం వాతావరణ పీడనానికి 8, 9 రెట్లు ఉంటుంది. అలాంటి గొట్టం బోల్టు వదులు చేస్తే గ్యాస్, నూనె ఒక్కసారిగా చిమ్ముతాయి. ద్రవం చేతి మీద పడితే అక్కడికక్కడే ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాగేస్తుంది, చర్మం గడ్డకడుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఈ ఆవిరి గాలి కంటే బరువు. మూసిన షెడ్డులో నేల దగ్గర పేరుకుని ఊపిరాడకుండా చేస్తుంది. నిప్పు తగిలితే విచ్ఛిన్నమై విషపూరితమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్‌నిస్తుంది.

అందుకే గొట్టం విప్పక తప్పనప్పుడు ముందుగా గ్యాస్‌ను రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి లాగించాలి. గాలిలోకి వదిలేసే చోట కాకుండా ఈ యంత్రం ఉన్న వర్క్‌షాపును వెతుక్కోవాలి. ఆ తర్వాత క్లచ్ ఉన్న కారును ఏసీ ఆపి ఇంటికి తెచ్చుకుని కంప్రెసర్ మార్చుకోవచ్చు. క్లచ్ లేని రకం ఇంజనుతో పాటే ఎప్పుడూ తిరుగుతుంది. గ్యాస్ లేకుండా దాన్ని తిప్పడం మంచిది కాదు కాబట్టి పని అక్కడే పూర్తి చేయించాలి.

కనిపించని శత్రువు తేమ

గొట్టం తెరిచిన క్షణం నుంచి లోపలికి తేమ చేరుతుంది. ఆర్-134ఏతో వాడే పీఏజీ నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఆ తేమ చల్లటి చోట మంచుగా గడ్డకట్టి సన్నటి దారిని మూసేయగలదు, ఆమ్లాలు పుట్టడానికి కారణమై లోహాన్ని తినేయగలదు. అందుకే విప్పిన గొట్టాల మూతులను వెంటనే మూసేయాలి. తేమను పీల్చే గుళికలుండే డ్రైయర్‌ను కూడా మార్చడం మంచిది.

పాత కంప్రెసర్‌లోని నూనెను వంపి కొలవాలి. సాధారణంగా కొత్తదానిలోనూ అంతే ఉంచుతారు. కారు తయారీదారు వేరే లెక్క చెబితే దాన్నే పాటించాలి. నూనె తగ్గితే కంప్రెసర్ పట్టేస్తుంది, ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది. పాత నూనెలో లోహపు పొడి కనిపిస్తే అది కండెన్సర్ దాకా పాకిందని అనుమానించాలి. వ్యవస్థ శుభ్రం చేయకుండా కొత్తది బిగిస్తే అదీ ఎక్కువ కాలం నిలవదు. రబ్బరు ఓ-రింగులు కొత్తవి వేసి, అదే నూనె రాసి బిగించాలి. ఇరుసును చేత్తో కొన్ని చుట్లు తిప్పితే లోపల నిలిచిన నూనె సర్దుకుంటుంది.

బిగించాక వాక్యూమ్ పంపు అవసరం. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుందనేది మామూలు పీడనంలోని మాట. పీడనాన్ని 760 మిల్లీమీటర్ల పాదరసం నుంచి సుమారు 32కు తగ్గిస్తే నీరు 30 డిగ్రీలకే మరుగుతుంది. పంపు అంతకంటే లోతైన వాక్యూమ్ తెచ్చి లోపలి తడిని ఆవిరి చేసి లాగేస్తుంది. కనీసం అరగంట నడిపి, పంపు ఆపాక ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ తర్వాత బానెట్ కింది స్టిక్కరు మీద రాసిన బరువు ప్రకారం గ్యాస్‌ను తూచి నింపాలి. గాలి చల్లగా వస్తోందన్న అంచనాతో ఆపేయకూడదు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి కంప్రెసర్‌ను తిప్పేది ప్రమాదకరమైన హై వోల్టేజీ విద్యుత్తు. నారింజ రంగు తీగలు కనిపిస్తే ఇంట్లో చేయి పెట్టకూడదు. వాటి నూనె కూడా వేరు. మోటారు తీగచుట్టలు అందులోనే తడుస్తూ ఉంటాయి కాబట్టి అది విద్యుత్తును పారనివ్వని రకం కావాలి.

అర కిలో గ్యాస్ విలువ

ఒకప్పుడు కార్లలో వాడిన ఆర్-12 ఓజోన్ పొరను తినేసేది. 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంతో దాని వాడకం ఆగిపోయి ఆర్-134ఏ వచ్చింది. ఇది ఓజోన్‌కు హాని చేయదు గానీ, 100 ఏళ్ల లెక్కన కిలోకు కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువులను తగ్గించాలని 2016లో కిగాలీలో ఆ ఒప్పందాన్ని సవరించారు. ఆ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. 2032 నుంచి దశలవారీగా, 2047 నాటికి 85 శాతం తగ్గించాలన్నది మన లక్ష్యం.

చిన్న కారు ఏసీలో పట్టే గ్యాస్ సుమారు అర కిలో. దాన్ని గాలిలోకి వదిలేస్తే దాదాపు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టే. 300 లీటర్ల పెట్రోలు కాల్చితే వచ్చేది కూడా ఇంచుమించు అంతే. లీటరుకు 15 కిలోమీటర్లు తిరిగే కారు 4,500 కిలోమీటర్ల ప్రయాణంలో విడిచే పొగ, ఒక బోల్టు వదులు చేసిన నిమిషంలో గాలిలో కలిసిపోతుందన్నమాట. అందుకే ఇంటి పనికి హద్దు బోల్టుల దగ్గర కాదు, గ్యాస్ ఉన్న గొట్టం దగ్గర గీసుకోవాలి. అదే గ్యాస్‌ను యంత్రంతో లాగి సిలిండర్‌లో దాచితే, శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు.