టీకా చీటీ భద్రంగా ఉందా? గ్రీన్‌కార్డు దారిలో కొన్ని విశేషాలు

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం కావడానికి రెండేళ్ల ముందు, 1996 సెప్టెంబర్ 30న, అమెరికాలో ఒక వలస చట్టం మీద అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేశారు. శాశ్వత నివాసం కోరేవాళ్లు కొన్ని టీకాలు వేయించుకున్నట్టు రుజువు చూపాలన్న నిబంధన అందులోనే వచ్చింది. అదే ఏడాది హైదరాబాదులో కృష్ణ ఎల్ల, సుచిత్ర ఎల్ల దంపతులు భారత్ బయోటెక్ స్థాపించారు. ప్రపంచానికి టీకాలు పంపే ఊరు మనది. గ్రీన్‌కార్డు కోసం చిన్ననాటి టీకా చీటీ వెతుక్కునే ఊరూ మనదే. అందుకే ఈ విశేషాలు మనకు దగ్గరవి.

◆ చట్టంలో పేర్లతో సహా రాసిన జబ్బులు ఇవి: గవదబిళ్లలు, తట్టు, రుబెల్లా, పోలియో, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హిబ్, హెపటైటిస్ బి. వీటి తర్వాత ఒక వాక్యం ఉంది. అమెరికా టీకాల సలహా సంఘం ఇంకేవి సూచిస్తే అవీ ఇందులో చేరతాయని దాని అర్థం. ఫ్లూ, ఆటలమ్మ, న్యుమోకోకల్ వంటివి ఆ తలుపులోంచే లోపలికి వచ్చాయి. అన్నీ అందరికీ కావు. వయసును బట్టి ఎవరికి ఏది కావాలో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పట్టిక చెబుతుంది.

◆ హెచ్-1బీ మీద వెళ్లేవాళ్లను ఈ టీకాలు అడగరు. స్టూడెంట్ వీసాకీ అడగరు. పదేళ్లు అక్కడే ఉద్యోగం చేసినా ఎవరూ అడగకపోవచ్చు. గ్రీన్‌కార్డుకు ఐ-485 అనే దరఖాస్తు పెట్టే రోజున మాత్రం ఐ-693 అనే వైద్య పరీక్ష ఫారం ముందుకు వస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు దాన్ని 'సివిల్ సర్జన్' నింపుతారు. మన జిల్లా ఆసుపత్రి సివిల్ సర్జన్ లాంటి పదవి కాదది. ఈ పరీక్షల కోసం అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ గుర్తించిన ప్రైవేటు డాక్టరుకే ఆ పేరు. ఇండియా నుంచి వెళ్లేవాళ్లను కాన్సులేట్ ఎంపిక చేసిన 'ప్యానెల్ ఫిజీషియన్' చూస్తారు.

◆ నానక్‌రాంగూడలో అమెరికా కాన్సులేట్ కొత్త భవనం 2023 మార్చిలో తెరుచుకుంది. అంతకుముందు 2008 నుంచి బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది. వీసా అనగానే ఐటీ కారిడార్‌లో అందరి చూపూ ఆ భవనం వైపే. కానీ అమ్మానాన్నలను శాశ్వతంగా తీసుకెళ్లాలనుకునే పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఇమ్మిగ్రంట్ వీసా ఇంటర్వ్యూలకు మనవాళ్లు వెళ్లేది ముంబయికి. టీకాల పట్టీ, ఛాతీ ఎక్స్‌రే అన్నీ ఇంటర్వ్యూకి ముందే పూర్తవ్వాలి.

◆ ఇప్పుడు అసలు చిక్కు. 'చిన్నప్పుడు అన్నీ వేయించాం డాక్టరుగారూ' అని అమ్మ చెప్పిన మాట చెల్లదు. రాతలో ఉండాలి, ప్రతి డోసుకూ తేదీ ఉండాలి. 1980ల్లో, 90ల్లో మన పల్లెల్లో నర్సమ్మ ఇంటికొచ్చి టీకా వేసి, చిన్న అట్టముక్క మీద ఒక గీత గీసి వెళ్లేది. ఆ అట్ట బియ్యం డబ్బా వెనకో, ట్రంకు పెట్టె అడుగునో ఉండి, ఇల్లు మారినప్పుడు పోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ కాగితాన్ని ఒక దేశం అడుగుతుందని ఎవరు ఊహిస్తారు?

చీటీ ఉన్నా కొన్ని ఖాళీలు తప్పవు. మన సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. తట్టు టీకా అందులో చేరింది గానీ గవదబిళ్లల టీకా ప్రభుత్వ పట్టికలో ఇప్పటికీ లేదు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ కావాలంటే ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. రుబెల్లాను తట్టుతో కలిపి ఇచ్చే ఎంఆర్ కార్యక్రమం తెలంగాణలో జరిగింది 2017 ఆగస్టులో. హెపటైటిస్ బి ప్రభుత్వపరంగా 2002లో ప్రయోగాత్మకంగా మొదలై 2011కి దేశమంతా చేరింది. అంటే ఇప్పుడు గచ్చిబౌలిలో టీమ్ లీడ్‌గా ఉన్న నలభై ఏళ్ల మనిషికి, తల్లిదండ్రులు ఎంత శ్రద్ధగా టీకాలు వేయించినా, అమెరికా పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగానే ఉంటాయి. అది నిర్లక్ష్యం కాదు. ఆనాటి పట్టిక అంతే.

ఊరట కలిగించే సంగతులూ ఉన్నాయి. మామూలుగా కోర్సు మొత్తం పూర్తి కానక్కరలేదు. పరీక్ష రోజుకు ప్రతి టీకాలోనూ వయసుకు తగిన ఒక డోసు పడి ఉంటే, తర్వాతి డోసుకు ఇంకా గడువు రాలేదని డాక్టరు రాస్తారు. ఎంఎంఆర్, హెపటైటిస్ బి, ఆటలమ్మ వంటి వాటికి రక్తపరీక్షలో రోగనిరోధక శక్తి కనిపించినా చాలు. ఏమీ తేలకపోతే మళ్లీ వేయించుకోవడమే. ఒకసారి వేసిన ఎంఎంఆర్ మళ్లీ వేస్తే ప్రమాదమేమో అని చాలామంది భయపడతారు. అదనపు డోసుతో హాని లేదని వైద్యులు ధైర్యం చెబుతారు.

◆ 1957కు ముందు పుట్టినవాళ్లకు ఎంఎంఆర్ అడగరు. ఆ తరంలో తట్టు, గవదబిళ్లలు రాని పిల్లలు ఉండరని అమెరికా వైద్యుల లెక్క. అమ్మమ్మలకు, తాతయ్యలకు ఇది పెద్ద వెసులుబాటు. ఆటలమ్మకు మరో వెసులుబాటు ఉంది. 'ఎనిమిదో ఏట నాకు ఆటలమ్మ పోసింది, వేపాకు మంచం మీద పడుకోబెట్టి, తగ్గాక తలంటు పోశారు' అని పెద్దావిడ చెబితే, పొక్కులు ఎలా లేచాయో, ఎలా ఎండాయో విని నమ్మకం కుదిరితే డాక్టరు దాన్ని రుజువుగా తీసుకోవచ్చు. ఇంత కాగితాల వ్యవహారంలో ఒక మనిషి జ్ఞాపకానికి విలువ దొరికే చోటు ఇది. నాకు ఎంతో నచ్చిన నిబంధన.

◆ హెపటైటిస్ బి 1996 నాటి అమెరికా చట్టంలోకి ఎక్కిన నాటికి మన దేశంలో ఆ టీకా దిగుమతి సరుకు. మామూలు కుటుంబాలకు అందని ధర. నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు కె.ఐ. వరప్రసాద్‌రెడ్డి సాంకేతికత కోసం విదేశీ కంపెనీని అడిగితే చిన్నచూపు ఎదురైంది. ఆ అవమానం గురించి ఆయనే అనేకసార్లు చెప్పారు. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. బ్యాంకులు, మదుపుదారులు వెనకాడిన రోజుల్లో ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ పరిశోధన సంస్థ పనికి చోటిచ్చాయి. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అదే. దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే దొరికింది. తర్వాత భారత్ బయోటెక్ రంగంలోకి వచ్చాక ధర ఇంకా దిగింది. ఈరోజు ఐ-693 కోసం ఆ గడి నింపుకునే ప్రతి తెలుగు ఇంజినీరూ ఈ ఇంజినీరు పేరు తెలుసుకోవాలని నా కోరిక.

◆ గచ్చిబౌలి అంటే గాజు భవనాలే గుర్తొస్తాయి కదా. అక్కడ సాఫ్ట్‌వేర్ రాకముందే టీకాల ఫ్యాక్టరీ వచ్చింది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 1980ల్లో పెట్టిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్. పశువుల గాలికుంటు టీకాతో మొదలై, కుక్కకాటు టీకా 'అభయరాబ్'తో దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇంకా పాతది బయలాజికల్ ఇ., 1953లో పుట్టింది.

◆ ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ మన తరానికి గుర్తింపు గుర్తు లాంటిది. మన దేశంలో 1948లో బీసీజీ మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. దగ్గర్లోని ఆరోగ్యవరం క్షయ శానిటోరియం అప్పటికే పేరున్న సంస్థ. అమెరికా మాత్రం బీసీజీని ఎన్నడూ పిల్లలందరికీ వేయలేదు, గ్రీన్‌కార్డుకూ అడగదు. కానీ ఆ టీకా వల్ల ఒక ఇబ్బంది ఉంది. పాత పద్ధతిలో చర్మం కింద మందు ఎక్కించి చూసే క్షయ పరీక్ష, బీసీజీ వేయించుకున్నవాళ్లలో లేని ఇన్ఫెక్షన్‌ను ఉన్నట్టు చూపించవచ్చు. చేయి ఉబ్బితే ఎక్స్‌రే, ఎక్స్‌రే బాగున్నా మనసులో దిగులు. 2018 అక్టోబర్ నుంచి సివిల్ సర్జన్లు ఐజీఆర్ఏ అనే రక్తపరీక్షే చేయాలి. దానికి బీసీజీతో గందరగోళం ఉండదు. ఇండియాలో పరీక్ష చేయించుకునే పదిహేనేళ్లు దాటినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. అందులో అనుమానం తగిలితే తెమడ కల్చర్ చేస్తారు. దాని ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. విమానం టికెట్లు ముందే కొనుక్కోవద్దని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

◆ 2021 సంవత్సరాన్ని మన కారిడార్ మరిచిపోదు. భారత్ బయోటెక్ కొవాగ్జిన్‌కు జనవరి 3న మన దేశంలో అత్యవసర అనుమతి దొరికింది. మే 4 నుంచి అమెరికా ఇండియా ప్రయాణాలపై ఆంక్షలు పెట్టింది. అమ్మ ఆసుపత్రిలో ఉందనో, నాన్న పోయారనో వచ్చిన హెచ్-1బీ వాళ్లు ఎందరో ఇక్కడే నెలల తరబడి ఆగిపోయారు. ఇక్కడే టీకా వేయించుకున్నారు. అక్టోబర్ 1 నుంచి గ్రీన్‌కార్డుకు కొవిడ్ టీకా తప్పనిసరి అయింది. అది అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించినదో, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నదో కావాలి. కొవాగ్జిన్ ఆ రెండింట్లోనూ లేదు. హైదరాబాదులో కనిపెట్టి, హైదరాబాదులో తయారై, హైదరాబాదీల చేతికి పడిన టీకా నెలకు పైగా అక్కడి లెక్కలోకి రాలేదు. నవంబర్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జాబితాలో చేర్చింది. ఐదు రోజులకే, నవంబర్ 8న, అమెరికా సరిహద్దులు టీకా వేయించుకున్న ప్రయాణికులకు తెరుచుకున్నాయి. ఆ ఐదు రోజుల తేడా ఎన్ని కుటుంబాలకు ఊపిరి పోసిందో!

మిగతా టీకాలకు భిన్నంగా కొవిడ్‌కు ఒక్క డోసు సరిపోయేది కాదు. కోర్సు మొత్తం పూర్తయితేనే డాక్టరు సంతకం పెట్టేవారు. 2025 జనవరిలో ఆ షరతును అమెరికా ఎత్తేసింది.

◆ ఒకసారి చేర్చిన టీకా తీసేయడం అదే మొదలు కాదు. 2008లో గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా, సలహా సంఘం సిఫార్సులో ఉండడంతో తనంతట తానే ఈ జాబితాలోకి వచ్చింది. 11 నుంచి 26 ఏళ్ల అమ్మాయిలంతా వేయించుకోవాలన్నారు. అమెరికా పౌరులకే తప్పనిసరి కానిది, అంత ఖరీదైనది, వలస వచ్చే అమ్మాయిలకు ఎందుకని మహిళా సంఘాలు గట్టిగా అడిగాయి. 2009 డిసెంబర్ 14 నుంచి తీసేశారు. ఇక మీదట సిఫార్సు ఉంటే చాలదు, ఒక్కసారిగా ప్రబలే అవకాశమున్న జబ్బుకో, అమెరికా నిర్మూలించిన లేదా నిర్మూలిస్తున్న జబ్బుకో అయితేనే అడగాలని నియమం పెట్టుకున్నారు.

అదే 2009లో మన ఖమ్మం జిల్లాలో ఇదే టీకాను దాదాపు 14,000 మంది బాలికలకు ఒక ప్రయోగాత్మక కార్యక్రమంలో వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారన్న విషయం బయటికొచ్చింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ బాలికల్లో కొందరి మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది, సమ్మతి తీసుకున్న తీరును మాత్రం తప్పుపట్టింది. టీకా మంచిదైనా సరే, అడిగి వేయాలి. కాలిఫోర్నియాకు వలస వచ్చిన అమ్మాయికైనా, భద్రాచలం హాస్టల్ అమ్మాయికైనా.

◆ ఫ్లూ టీకాకు క్యాలెండరు ఉంది. అక్టోబర్ 1 నుంచి మార్చి 31 లోపు పరీక్షకు వెళితేనే అడుగుతారు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు ఒకే రోజు వేయించుకోవచ్చు, లేకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. గర్భిణులకు ఈ రెండూ వేయరు. డాక్టరు ఆ సంగతి రాస్తే చాలు, దరఖాస్తుకు ఇబ్బంది లేదు.

◆ మతపరమైన లేదా నైతికమైన నమ్మకం వల్ల మినహాయింపు కోరవచ్చు. అయితే ఒక్క టీకా వద్దంటే కుదరదు, టీకాలన్నింటి మీదా అభ్యంతరం ఉండాలి.

◆ దత్తత వెళ్లే పదేళ్ల లోపు పిల్లలకు ప్రయాణానికి ముందే టీకాలు పూర్తి కాకపోయినా ఫర్వాలేదు. అమెరికా చేరిన నెల లోపు వేయిస్తామని పెంచుకునే తల్లిదండ్రులు రాసివ్వాలి.

◆ సివిల్ సర్జన్ ఐ-693ని కవరులో పెట్టి సీలు వేసి ఇస్తారు. ఆత్రంకొద్దీ విప్పితే చెల్లదు. దాని గడువు మీద మాటలు చాలాసార్లు మారాయి. 2023 నవంబర్ 1 నుంచి సంతకం చేసినవాటికి గడువే లేదని 2024 ఏప్రిల్‌లో చెప్పారు. 2025 జూన్‌లో మళ్లీ మార్చి, ఏ దరఖాస్తుతో ఇచ్చారో అది నడుస్తున్నంత వరకే చెల్లుతుందన్నారు. ఆ దరఖాస్తు తిరస్కరించినా, వెనక్కి తీసుకున్నా కొత్త పరీక్షే. ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డుల వరసలో ఏళ్లకేళ్లు నిలబడ్డ మనవాళ్లకు ఈ మార్పులు చిన్నవి కావు.

◆ అన్ని దేశాలూ ఇలా అడగవు. కెనడా శాశ్వత నివాసానికి వైద్య పరీక్ష ఉంది, టీకాల షరతు లేదు. జర్మనీలో 2020 మార్చి నుంచి బడికి, కిండర్‌గార్టెన్‌కు వెళ్లే పిల్లలకు తట్టు టీకా రుజువు కావాలి. టెక్సస్‌లో కాలేజీలో చేరే 22 ఏళ్ల లోపు విద్యార్థులకు మెనింజైటిస్ టీకా కావాలి. ఆఫ్రికాలో పసుపు జ్వరం ఉన్న దేశాలకు ప్రాజెక్టు మీద వెళ్లేవాళ్లు హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో టీకా వేయించుకుని పసుపు పుస్తకం తెచ్చుకుంటారు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించాలి. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది.

◆ వలస వెళ్లేవాళ్లకు టీకా అన్నది ఓడల కాలంలోనూ ఉంది. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలను తీసుకెళ్లింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. డిపోలో డాక్టరు పరీక్ష, మశూచి టీకా ఆ ప్రయాణాల్లో భాగం. 

◆ పిల్లల తల్లిదండ్రులకు ఒక్క మాట. ఆసుపత్రి టీకా పుస్తకంలో చాలాసార్లు 'బేబీ ఆఫ్' అని తల్లి పేరే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే వరసలో ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ రెండూ ఒకే మనిషివని నిరూపించడం కష్టం. పేరు పెట్టగానే పుస్తకం మీద పాస్‌పోర్టులో ఎలా ఉంటుందో అలాగే రాయించండి. ప్రతి డోసు పక్కన రోజు, నెల, సంవత్సరం, టీకా పేరు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ప్రభుత్వ కేంద్రాల్లో వేయిస్తే యూ-విన్ అనే ప్రభుత్వ టీకా పోర్టల్‌లో నమోదు చేయమని అడగండి. ప్రతి పేజీనీ ఫొటో తీసి అమ్మమ్మకో, నాయనమ్మకో కూడా పంపి ఉంచండి.