బలం మాత్రలూ, అసలు మందూ: మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధిలో విటమిన్ల పాత్ర ఎంత?

నల్లమల కొండల పాదంలో, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఉన్నది మహానంది. ఆలయమూ, ఏడాది పొడవునా పారే ఊటనీరూ ఆ ఊరికి పేరు తెచ్చాయి. చుట్టూ ఉన్న అరటి తోటలు ఆ నీటి చలువే. ఆ ప్రాంతంలోని ఒక పల్లెలో, అరటి తోటను కౌలుకు చేసుకునే ఒక కుటుంబాన్ని గత వేసవిలో మేము పరామర్శించాము. ఆ ఇంటి కోడలికి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నట్లు నిర్ధారణ అయి అప్పటికి రెండేళ్ళు గడిచాయి.

మంచం పక్కనున్న గూటిలో ఆమె ఒక సంచి చూపించింది. అందులో విటమిన్ డి పొట్లాలు, బి-కాంప్లెక్స్ మాత్రలు, బయోటిన్ డబ్బా, రోగనిరోధక శక్తిని పెంచుతుందని రాసి ఉన్న ఒక పొడి ఉన్నాయి. "నరాలకు బలం వస్తుందని బంధువులు తెచ్చిచ్చినారు" అన్నది. వైద్యులు రాసిచ్చిన మందు గురించి అడిగితే తల దించుకున్నది. "రెండూ కొనేంత స్తోమత లేదు ఆపా. అది మానేసి నాలుగు నెలలైంది" అని మెల్లగా చెప్పింది.

మా చేత ఈ వ్యాసం రాయించినది ఆ ఒక్క మాటే. విటమిన్లు చెడ్డవి కావు, కొన్ని ఈ రోగులకు అవసరం కూడా. అయితే అవి అసలు మందు స్థానాన్ని ఆక్రమించినప్పుడు జరిగే నష్టం తిరిగి పూడ్చుకోలేనిది.

వ్యాధి స్వరూపం

మన మెదడులోనూ, వెన్నుపాములోనూ ఉన్న నరాల చుట్టూ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. కరెంటు తీగకు ప్లాస్టిక్ పూత ఎటువంటిదో, నరానికి ఇది అటువంటిది. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటుగా ఈ తొడుగుపై దాడి చేయడమే మల్టిపుల్ స్క్లెరోసిస్. ఫ్రెంచి వైద్యుడు జాన్ మార్టిన్ షార్కో 1868లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. చూపు మసకబారడం, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం, నడక తడబడటం, మూత్రంపై అదుపు తప్పడం, అంతులేని అలసట దీని లక్షణాలు. సాధారణంగా 20 నుండి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ.

చాలామందిలో వ్యాధి ఒకసారి విజృంభించి, తగ్గి, మళ్ళీ తిరగబెడుతుంది. ఇక్కడే ఒక పెద్ద భ్రమకు తావున్నది. తగ్గుముఖం పట్టిన సమయంలో ఏ పొడి వాడినా, ఏ మాత్ర మింగినా, దానివల్లనే తగ్గిందని అనిపిస్తుంది. ఆ తగ్గుదల వ్యాధి స్వభావం వల్ల వచ్చిందా, మాత్ర వల్ల వచ్చిందా అన్నది ఒక్క రోగిని చూసి చెప్పలేము. అందుకే వైద్యశాస్త్రం రోగులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు మందును, మరొక జట్టుకు మందు లేని మాత్రను ఇచ్చి పోల్చి చూస్తుంది.

విటమిన్ డి: ఆశ ఎక్కడ, హద్దు ఎక్కడ

భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ ఈ వ్యాధి ఎక్కువగా కనిపించడం శాస్త్రజ్ఞుల దృష్టిని ఎండవైపు, దాని ద్వారా విటమిన్ డి వైపు మళ్ళించింది. అమెరికా సైనికుల నుండి సేకరించి భద్రపరచిన రక్త నమూనాలపై 2006లో వెలువడిన అధ్యయనం, విటమిన్ డి ఎక్కువగా ఉన్న శ్వేతజాతీయులలో ఈ వ్యాధి ముప్పు తక్కువని చూపింది. అయితే వ్యాధి రాకుండా ఉండటం వేరు, వచ్చిన వ్యాధిని నయం చేయడం వేరు. పైగా, ఈ వ్యాధికి బీజం వేసే వాటిలో ఎప్స్టీన్ బార్ వైరస్ ముఖ్యమైనదని 2022లో మరో పెద్ద అధ్యయనం తేల్చింది. కనుక ఇది కేవలం విటమిన్ లోపంతో వచ్చే జబ్బు కాదు.

ఇక చికిత్స సంగతి. 2023లో ఫలితాలు వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, అసలు మందు వాడుతున్న 172 మంది రోగులలో కొందరికి రోజుకు 5,000 యూనిట్లు, మరికొందరికి 600 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. 96 వారాల తరువాత వ్యాధి తిరగబెట్టడంలో రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు. 2025లో ఫ్రాన్సు నుండి కొంత ఆశాజనకమైన వార్త వచ్చింది. తొలి లక్షణాలు అప్పుడే బయటపడి, ఇంకా ఏ మందూ మొదలుపెట్టని 316 మందిపై జరిగిన పరిశోధన అది. రెండు వారాలకొకసారి లక్ష యూనిట్లు తీసుకున్నవారిలో 60.3 శాతం మందిలోనూ, తీసుకోనివారిలో 74.1 శాతం మందిలోనూ వ్యాధి చురుకుదనం కనిపించింది. తేడా ఉన్నమాట నిజమే. కానీ ఆ తేడా ప్రధానంగా ఎం.ఆర్.ఐ. చిత్రాలలో కనిపించినది. విటమిన్ తీసుకున్నవారిలోనూ సగానికి పైగా మందిలో వ్యాధి ముందుకు సాగిందన్నది మరువరాదు.

"మన రాయలసీమలో ఎండకేమి కొదువ? మనకు విటమిన్ డి లోపమెందుకు?" అని కొందరు అడుగుతారు. తిరుపతి పరిసరాలలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ నమ్మకాన్ని సడలించింది. ఆరోగ్యంగా కనిపించే పల్లె ప్రజలలోనూ, పట్టణ ప్రజలలోనూ విటమిన్ డి లోపం విరివిగా ఉన్నట్లు తేలింది. ఆహారంలో కాల్షియం తక్కువ కావడం, ధాన్యాలలోని ఫైటేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనీయకపోవడం వారు గమనించిన అంశాలు. ఇంటిపట్టున ఉండే స్త్రీలకు ఎండ తగిలే అవకాశం మరీ తక్కువ. పెరట్లోనో, మిద్దెమీదనో, పరదాకు భంగం లేని చోట కాసేపు ఎండలో కూర్చోవడం ఇంటిల్లిపాదికీ మేలు.

కనుక ఎం.ఎస్. ఉన్నవారు రక్తపరీక్ష చేయించుకుని, లోపముంటే వైద్యుల సలహాతో విటమిన్ డి తీసుకోవడం సబబే. ఎముకలకూ అది అవసరం. జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన రోజువారీ పరిమాణం 600 యూనిట్లు. మన మందుల దుకాణాలలో దొరికే పొట్లంలో 60,000 యూనిట్లు ఉంటాయి. అది సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలపాటు మాత్రమే వాడవలసినది. దానిని పొరపాటున రోజూ తాగితే రక్తంలో కాల్షియం పెరిగిపోయి, దాహం, వాంతులు, మలబద్ధకం, మతిభ్రమ కలుగుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

బి విటమిన్లు: మేలూ, ముప్పూ

బి12 లోపం వెన్నుపామును దెబ్బతీసి, అచ్చం ఎం.ఎస్. లాగానే తిమ్మిరులనూ, నడక తడబాటునూ కలిగిస్తుంది. ఆ లోపాన్ని సకాలంలో గుర్తిస్తే చికిత్స సులువు. అందుకే నిర్ధారణ సమయంలో ఈ పరీక్ష తప్పక చేస్తారు. "మేము మాంసం తింటాము, మాకా లోపం రాదు" అనుకోవడం పొరపాటు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్, కడుపు మంటకు ఏళ్ళ తరబడి వాడే మాత్రలు బి12ను తగ్గిస్తాయి. అయితే రక్తంలో బి12 సరిపడా ఉన్న ఎం.ఎస్. రోగికి అదనంగా ఇస్తే వ్యాధి తగ్గుతుందనడానికి ఆధారం లేదు.

బి6 కథ మరీ విచిత్రమైనది. నరాల బలానికని వాడే ఈ విటమిన్, ఎక్కువ మోతాదులో చాలాకాలం తీసుకుంటే నరాలనే దెబ్బతీసి తిమ్మిరులు తెస్తుంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దీని గరిష్ఠ పరిమితిని రోజుకు 12 మిల్లీగ్రాములకు తగ్గించింది. రెండు మూడు రకాల బలం మాత్రలు కలిపి వాడేవారు ఈ హద్దును తెలియకుండానే దాటుతారు. అప్పుడు వచ్చిన తిమ్మిరి వ్యాధిదా, మాత్రదా అన్నది వైద్యులకూ చిక్కుముడి అవుతుంది.

బయోటిన్ విషయంలో ఒక దశలో గొప్ప ఆశలు రేగాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే సాధారణ అవసరానికి పదివేల రెట్లు ఇచ్చి చూసిన 154 మందిలో, ఆ మందు అందిన జట్టులో 12.6 శాతం మందికి మెరుగుదల కనిపించిందని 2016లో ప్రకటించారు. మరింత పెద్ద ఎత్తున 642 మందిపై జరిపి 2020లో వెల్లడించిన పరిశోధనలో ఆ ఆశ నిలవలేదు. మెరుగుదల ఇటు 12 శాతం, అటు మందు లేని మాత్రతో 9 శాతం. అది లెక్కకు వచ్చే తేడా కాదు. పైగా అధిక మోతాదు బయోటిన్ థైరాయిడ్ పరీక్షనూ, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షనూ తారుమారు చేయగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. ఇది వాడేవారు రక్తపరీక్షకు ముందు ఆ సంగతి చెప్పి తీరాలి.

ఇక రోగనిరోధక శక్తిని పెంచే పొడుల సంగతి. నిరోధక వ్యవస్థ దారితప్పి సొంత ఒంటిమీదే దాడి చేయడం ఈ వ్యాధి మూలం. అటువంటప్పుడు దానిని మరింత రెచ్చగొడతామని చెప్పుకునే సరుకును వైద్యులనడగకుండా వాడటం వివేకం కాదు.

హలాల్ సందేహం, రమజాన్ ఉపవాసం

మన ఇళ్ళలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటున్నది. విటమిన్ డి3ని ఎక్కువగా గొర్రె ఉన్నిలోని కొవ్వు నుండి తయారు చేస్తారు. కానీ మెత్తని గొట్టపు మాత్రల పైతొడుగు జెలటిన్‌ది. అది పశువులదీ కావచ్చు, పందిదీ కావచ్చు. మూలం తెలియనప్పుడు పొట్లంలోని పొడి, చుక్కల మందు, గట్టి మాత్ర వంటివి ఇవ్వమని అడగవచ్చు. అసలు మందు విషయంలో సందేహమొస్తే, దానిని మానేయక ముందే ఆలిమ్‌ను సంప్రదించాలి.

ఎం.ఎస్. రోగికి ఒంటి వేడి పెరిగితే పాత లక్షణాలు తాత్కాలికంగా తిరిగి వస్తాయి. విల్‌హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ వైద్యుడు 1890లోనే దీనిని గుర్తించాడు. నంద్యాల ప్రాంతంలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చల్లని నీళ్ళతో స్నానం, తడిబట్ట, మిట్టమధ్యాహ్నం నీడపట్టున ఉండటం ఏ బలం మాత్ర కన్నా త్వరగా ఊరటనిస్తాయి. అటువంటి వేసవిలో రమజాన్ వస్తే, ఉపవాసం గురించి వైద్యునితోనూ, ఆలిమ్‌తోనూ ముందే మాట్లాడుకోవాలి. అల్ బఖరా సూరాలో అల్లాహ్ వ్యాధిగ్రస్తులకు వెసులుబాటు ప్రసాదించాడు. దానిని స్వీకరించడం విశ్వాసలోపమని ఎవరూ కుమిలిపోనక్కరలేదు.

కుటుంబం చేయవలసినది

ఇంట్లోని మందులన్నీ, బలం మాత్రలతో సహా, ఒక సంచిలో వేసి నరాల నిపుణునికి చూపించండి. డబ్బు చాలకపోతే ఆ మాట దాచకుండా చెప్పండి. తక్కువ ఖర్చులో వాడదగిన మందులున్నాయేమో వారు చూస్తారు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో నరాల విభాగమున్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఒకటి. 40 శాతం వైకల్యం ధ్రువీకరణ అయితే పింఛను వంటి సౌకర్యాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది భిక్ష కాదు, హక్కు.

ఆ రోజు మేము ఆ ఇంట్లో కూర్చుని సంచిలోని సరుకు ఖరీదు లెక్క వేశాము. నెలకు బలం మాత్రలకై వెచ్చిస్తున్నది, మానేసిన మందు ఖర్చులో పెద్ద భాగమే. ఆ లెక్క విన్న అత్తగారు చాలాసేపు మౌనంగా ఉన్నది. తరువాత కొడుకుతో, "రేపు పొద్దున బస్సుకు కోడలిని కర్నూలుకు పిలుచుకొని పో. తోట నేను చూసుకుంటాను" అన్నది. వారు వెళ్ళారు. వైద్యులు విటమిన్ డి ఒక్కటి ఉంచి, మిగిలినవి ఆపించి, అసలు మందును తిరిగి మొదలుపెట్టారు. నాలుగు నెలలలో జరిగిన నష్టం ఎంత అన్నది ఇకముందు తేలవలసినదే.

రోగికి ప్రేమతో ఏదో ఒకటి తెచ్చివ్వాలన్న ఆరాటం మంచిదే. తెచ్చివ్వదలచిన బంధువులకు మా విన్నపం ఒక్కటే. బలం మాత్రల డబ్బా కొనే ముందు, "మీ మందు అయిపోవచ్చిందా?" అని అడగండి. ఆ డబ్బుతో ఆ మందు కొనిపెట్టండి. అల్లాహ్ వ్యాధిగ్రస్తులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.