పళ్ల క్లిప్పులు: రెండేళ్ల ఒప్పందం

ఖుర్ఆన్ పారాయణం నేర్పే ఉస్తాదు పిల్లల పలువరుసను గమనించక తప్పదు. పై ముందుపళ్ల అంచు కింది పెదవి లోపలి భాగాన్ని తాకితేనే ‘ఫే’ సరిగా పలుకుతుంది. ‘సే’, ‘జాల్’, ‘జోయ్’ అక్షరాలకు నాలుక కొన అవే పళ్ల అంచును చేరాలి. ఎత్తుపళ్లున్న పిల్లలకు, నోరు మూసినా ముందుపళ్ల నడుమ సందు మిగిలే పిల్లలకు ఈ మఖ్రజ్‌లు సులువుగా కుదరవు. భువనగిరిలో పాఠం చెబుతూ మేము ఏళ్లుగా చూస్తున్న సంగతి ఇది.

ఇటీవల మరొకటి కూడా చూస్తున్నాము. క్లిప్పులు వేయించుకొని, చికిత్సను నడుమనే వదిలేసిన పిల్లలు కనిపిస్తున్నారు. తీగ ఊడిపోయి ఉంటుంది, పళ్లకు అంటించిన బ్రాకెట్లు మాత్రం మిగిలి ఉంటాయి. వాటి చుట్టూ పాచి పేరుకొని పన్ను తెల్లని మచ్చలు తేలుతుంది, తర్వాత పుచ్చిపోతుంది. వంకర పోలేదు, ఉన్న పన్ను చెడింది, పైకం వృథా అయింది. తప్పు ఎవరిదని అడిగితే వైద్యుడు తల్లిదండ్రులను చూపుతాడు, తల్లిదండ్రులు వైద్యుణ్ణి చూపుతారు. మొదటి రోజే మాట స్పష్టంగా కుదుర్చుకొని ఉంటే ఈ తగవుల్లో చాలావరకు పుట్టవని మా అభిప్రాయం.

ధర్మం ఏమంటుంది?

చాలామంది తల్లులు మమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఇది: పళ్లు సరిచేయించడం అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా? అందం కోసం పళ్లను అరగదీసి సందులు చేయించుకునే స్త్రీలను శపించిన హదీసు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) ఉల్లేఖనంగా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. దాన్ని వివరిస్తూ ఇమామ్ నవవీ, నిషేధం కేవలం సొగసు కోసం చేసేదానికేననీ, చికిత్స కోసమో, పంటిలోని లోపం తొలగించడానికో చేస్తే దోషం లేదనీ స్పష్టం చేశారు. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (ర) వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు చేయించుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించిన సంఘటన అబూదావూద్, తిర్మిజీలలో ఉన్నది. నమలడానికి, పలకడానికి, శుభ్రపరచుకోవడానికి అడ్డుపడే వంకరను, చూపరులకు కొట్టవచ్చినట్టు కనిపించే లోపాన్ని సరిచేయడం చికిత్సే. చక్కగా ఉన్న పలువరుసను ఫ్యాషన్ కోసం మార్పించడం వేరు.

పన్ను ఎలా కదులుతుంది?

పన్ను ఎముకలో పాతిన మేకు కాదు. దాని వేరు చుట్టూ సన్నని పొర ఉంటుంది. తీగ మెల్లగా, ఎడతెగకుండా ఒత్తినప్పుడు ఒత్తిడి పడిన వైపు ఎముక కరుగుతుంది, వెనుక వైపు కొత్త ఎముక పుడుతుంది. అందువల్ల కదలిక నెలకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. త్వరగా కావాలని బలంగా లాగితే వేరు అరిగిపోయే ప్రమాదం ఉన్నది. పెళ్లి కుదిరాక “ఆరు నెలల్లో సరిచేయండి” అని అడిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండున్నర ఏళ్లు పడుతుంది.

మంచి వైద్యుడు మొదటి రోజే బ్రాకెట్లు అంటించడు. పళ్ల అచ్చులు, ఫొటోలు, దవడల ఎక్స్‌రేలు తీసి, చోటు ఎంత తక్కువో లెక్క కడతాడు. చోటు బొత్తిగా చాలకపోతే చిన్న దవడ పళ్లను తీయవలసి రావచ్చు. ఆ తర్వాత మొదట మెత్తని నికెల్-టైటానియం తీగ, పళ్లు వరుసకు వచ్చాక గట్టి స్టీలు తీగ వేస్తాడు. చివర క్లిప్పులు తీసినప్పుడు చికిత్స పూర్తి కాదు. రిటైనర్ పెట్టుకోకపోతే పళ్లు మళ్లీ పాత చోటికి జరుగుతాయి.

ఉమ్మడి నల్గొండ జిల్లావాసులు మరొక మాట అడిగి తెలుసుకోవాలి. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీరు చిన్నతనంలో తాగినవారి పళ్లపై గోధుమరంగు చారలుంటాయి. బ్రాకెట్ అంటించే ముందు పంటిపై ఫాస్ఫారిక్ ఆమ్లం రాసి గరుకు చేస్తారు. ఫ్లోరోసిస్ పట్టిన పంటి పైపొరపై ఆ ఆమ్లం సరిగా పనిచేయదు. ఫలితంగా బ్రాకెట్లు పదే పదే ఊడతాయి. అనుభవమున్న వైద్యుడు ఆమ్లాన్ని ఎక్కువసేపు ఉంచడం, పైపొరను కొద్దిగా రుద్దడం వంటి జాగ్రత్తలు ముందే తీసుకుంటాడు. బ్రాకెట్ ఊడిన ప్రతిసారీ పిల్లవాణ్ణి కోప్పడటం న్యాయం కాదు.

ఇజారా షరతులు ఇక్కడా వర్తిస్తాయి

ఫిఖ్హ్‌లో కూలి ఒప్పందాన్ని ఇజారా అంటారు. అది చెల్లాలంటే పని ఏదో, ప్రతిఫలం ఎంతో ఇరువురికీ తెలిసి ఉండాలి. గడువుతో కూడిన పనికి గడువు కూడా తెలిసి ఉండాలి. తెలియనితనం తగవుకు దారి తీస్తుంది కనుకనే ఫుఖహా ఈ షరతులు పెట్టారు. పళ్ల క్లిప్పుల విషయంలో వీటి విలువ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

మన వంటి పట్టణాలలో చాలా దంత వైద్యశాలలకు ఆర్థోడాంటిస్టు నెలకు ఒకటి రెండు సార్లు బయటి నుంచి వచ్చి చూస్తాడు. ఇందులో తప్పు లేదు, నిపుణుడు ఇంటి దగ్గరికి రావడం మేలే. కానీ కొన్ని ప్రశ్నలు ముందే అడగాలి. క్లిప్పులు వేసేది బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ ఆర్థోడాంటిక్స్ చదివినవారేనా? వారు రాని రోజుల్లో తీగ బుగ్గకు గుచ్చుకుంటే ఎవరు చూస్తారు? మొత్తం ఖర్చులో ఎక్స్‌రేలు, ఊడిన బ్రాకెట్లు, రిటైనర్ కలిసి ఉన్నాయా? పైకం ఏ దశలో ఎంత చెల్లించాలి? వైద్యుడు మారినా, పిల్లవాడు ఇంటర్ చదువుకు హైదరాబాదు వెళ్లినా, అమ్మాయి అత్తవారింటికి వెళ్లినా, అచ్చులు, ఎక్స్‌రేలు, అప్పటివరకు జరిగిన చికిత్స వివరాల కాగితం ఇస్తారా? పనిముట్లను ఆటోక్లేవ్‌లో శుద్ధి చేస్తారా? జవాబులన్నీ కాగితం మీద రాయించుకోవాలి. అప్పు వ్యవహారాన్ని రాసుకొమ్మని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది. రెండేళ్లు సాగే వ్యవహారాన్ని నోటిమాట మీద వదలడం ఎందుకు?

వైద్యశాలలు నడిపే సోదరులకూ ఒక మాట. రావలసిన రోజున రాని వారికి ఫోన్ చేసే రిజిస్టరు ఒకటి ఉంచండి. నడుమ ఆగిపోయిన చికిత్స మీ ఖాతాలో పూర్తి పైకంగా కనిపించవచ్చు. పిల్లవాడి నోట్లో మాత్రం అది పుచ్చుగా మిగులుతుంది. కొనసాగించలేనివారికి కనీసం బ్రాకెట్లు తీసి పంపండి. అది అమానత్.

ఖర్చు భరించలేని కుటుంబాలు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలను, నార్కట్‌పల్లి దగ్గరి దంత వైద్య కళాశాలను విచారించవచ్చు. అటువంటి చోట్ల పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ప్రయాణం, నిరీక్షణ ఎక్కువ. నెలనెలా వెళ్లగలమా అని ముందే లెక్క వేసుకోవాలి.

ఇంటి వంతు

ఒప్పందంలో రెండో పక్షం కుటుంబమే. బొక్కలు కొరకడం, మక్కకంకి, చెరుకు నమలడం, సకినాలను ముందుపళ్లతో విరవడం మానాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం గింజ తీసి, ముక్కలు చేసి తిని, తర్వాత బాగా పుక్కిలించాలి. మిస్వాక్ సున్నతును వదలనక్కరలేదు. కానీ తీగ కిందికి అది చేరదు కనుక సందుల్లో దూరే చిన్న బ్రష్ కూడా వాడాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం గుస్ల్‌లో నోరు పుక్కిలించడం ఫర్జ్. అంటించిన క్లిప్పులు తీయలేనివి గనుక అవి అడ్డు కావు. తీసి పెట్టుకునే ప్లేటును మాత్రం తీసి పుక్కిలించాలి. రమజానులో తీగ బిగించే పనిని ఇఫ్తార్ తర్వాతి వేళకు కోరుకోవడం మంచిది.

పిల్లల పళ్లను ఏడేళ్లప్పుడు ఒకసారి నిపుణుడికి చూపించాలని వైద్యులు చెబుతారు. నమాజు అలవాటు చేయమన్న వయసూ అదే. బొటనవేలు చప్పరించడం, నోటితో ఊపిరి పీల్చడం వంటివి అప్పుడే పట్టుబడితే కొన్నిసార్లు పెద్ద చికిత్స అవసరమే రాకపోవచ్చు.

ఉస్తాదులకు మా మనవి ఒకటే. క్లిప్పులు వేసిన కొత్తలో, ముఖ్యంగా అంగిట్లో ప్లేటు ఉన్నప్పుడు, పిల్లవాడి ‘సీన్’, ‘సే’ కొన్ని వారాలు తడబడతాయి. బెత్తం ఎత్తవద్దు. నాలుక దారి వెతుక్కుంటున్నది, సమయం ఇవ్వండి. మన పిల్లలకు ఆరోగ్యవంతమైన నోటిని, ఆ నోట తన వాక్కును చక్కగా పఠించే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.