మీకు తెలుసా? చప్పుడు తక్కువ, ధరా తక్కువ

కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ పద్ధతిలో ‘రాజమహేంద్రవరం’ అని ఒక్కసారి కొట్టాలంటే 13 మీటలు నొక్కాలి. రాత్రి పదింటికి పక్కన పిల్లలు నిద్రపోతుంటే ఆ పదమూడూ వినబడతాయి.

అలాగని చప్పుడు చేయని కీబోర్డును వేలు పోసి కొననక్కర్లేదు. మెకానికల్ కీబోర్డుల్లో ‘బ్లూ’ స్విచ్ పనిగట్టుకుని టిక్కుమంటుంది. నెమ్మదైన ‘సైలెంట్ రెడ్’ రకానికేమో ధర ఎక్కువ. కొన్ని వందల్లో దొరికే మెంబ్రేన్ కీబోర్డులో ప్రతి మీట కిందా చిన్న రబ్బరు బుడిపె ఉంటుంది. దెబ్బను మెత్తబరిచేది అదే. రాజమండ్రిలో కొన్నా అమలాపురంలో కొన్నా, దుకాణంలోనే స్పేస్ బార్, ఎంటర్ కొట్టి చూడండి. పొడుగు మీటల కింద సాయంగా పెట్టే తీగ వదులైతే గలగలమంటుంది.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్ల సంగతి వేరు! టైపు మిషను మీద అక్షరం పడాలంటే గట్టిగా కొట్టాలి. ఆ వేళ్లకు ఏ కీబోర్డయినా మోగాల్సిందే.

బల్ల పాత్ర కూడా తక్కువేం కాదు. డొల్లగా ఉన్న ప్లైవుడ్ బల్ల మోతను పెంచుతుంది. పాత తువ్వాలు నాలుగు మడతలేసి కీబోర్డు కింద పరవండి, తేడా వెంటనే తెలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.