పాత బ్రిటిషు నాణెం – న్యాయమైన ధర



మన పల్లెలలో చాలా ఇండ్లలో పెద్దల ట్రంకుపెట్టె అడుగున నాలుగైదు పాత నాణేలు ఉంటాయి. రాణిగారి బొమ్మ ఉన్న బిళ్ల ఒకటి, రాజుగారి బొమ్మ ఉన్నది మరొకటి. బ్రిటనులో ఉద్యోగం చేసే కొడుకో కూతురో సెలవులకు వచ్చినప్పుడు తెచ్చిన చిల్లర కూడా వాటిలో కలిసి ఉండవచ్చు. ఇప్పుడు ఫోను లేని ఇల్లు అరుదు గనుక, "ఈ నాణెం మీ దగ్గరుంటే మీరు లక్షాధికారులే" అనే ప్రకటన మన కంట పడుతూనే ఉంటుంది. అది నమ్మి చేతిలోని డబ్బు పోగొట్టుకునే కుటుంబాలు కొన్ని. విలువ తెలియక మంచి నాణేన్ని కరిగించే కొట్టుకు ఇచ్చివేసే కుటుంబాలు మరికొన్ని.

ఈ రెండు నష్టాలనుండీ తప్పించుకోవడానికి ఇంటర్నెట్టులోని ధరల పట్టికలు ఉపయోగపడతాయి. నూమిస్టా అనే పట్టిక అటువంటిది. నాణేల సేకరణదారులు కలిసి కూర్చిన ఆ పట్టికలో నాణెం బొమ్మ, బరువు, లోహం, ఎన్ని ముద్రించారు అన్న వివరాలు దొరుకుతాయి. అయితే పట్టిక త్రాసు వంటిది. తప్పు వస్తువు పెడితే అది తప్పు లెక్కే చూపుతుంది. నాణెం గురించి మనం సరిగా తెలుసుకున్నప్పుడే పట్టిక మనకు సరైన ధర చెబుతుంది. ఆ తెలుసుకొనే క్రమాన్ని ఇక్కడ చూద్దాం.

మొదట: ఇది ఏ దేశపు నాణెం?

మన ఇండ్లలో "బ్రిటిషు నాణెం" అని పిలిచే వాటిలో ఎక్కువ భాగం బ్రిటనులో చెల్లినవి కావు, బ్రిటిషువారి పాలనలో మన దేశంలో చెల్లినవి. రూపాయి, అణా, పైసా అని గాని, ఇండియా అని గాని రాసి ఉంటే అది బ్రిటిషు ఇండియా నాణెం. పట్టికలో దానిని ఇండియా శీర్షిక కింద వెదకాలి. పెన్నీ, షిల్లింగు, ఫ్లోరిను, హాఫ్ క్రౌను, పౌను అనేవి బ్రిటనువి. అక్కడ 1971 ఫిబ్రవరి 15 వరకు 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను. ఆ తేదీనుండి 100 పెన్నీలకు ఒక పౌను అయింది.

ఒక చిన్న చిక్కు ఉంది. 1893 నుండి 1948 వరకు బ్రిటను నాణేలమీద రాణి లేదా రాజు పేరు పక్కన "ఇండ్ ఇంప్" అనే పొట్టి అక్షరాలు ఉంటాయి. భారతదేశపు చక్రవర్తి అని దాని అర్థం. అది చూసి ఇండియా నాణెం అనుకోరాదు.

రెండవది: సంవత్సరం, లోహం

బ్రిటను వెండి నాణేలలో 1919 వరకు నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి. 1920 నుండి 1946 వరకు సగమే వెండి. 1947 నుండి మామూలుగా చలామణీలోకి వచ్చిన నాణేలలో వెండి లేదు, రాగి నికెలు కలిపిన లోహం వాడారు. హాఫ్ క్రౌను ఉదాహరణగా చూద్దాం. దాని బరువు సుమారు 14.1 గ్రాములు. 1918 నాటి దానిలో సుమారు 13 గ్రాముల వెండి ఉంటుంది. 1935 నాటి దానిలో 7 గ్రాములు. 1950 నాటి దానిలో ఏమీ లేదు. పక్కపక్కన పెడితే మూడూ ఇంచుమించు ఒకేలా కనబడతాయి. కాబట్టి ధర వెదకక ముందే సంవత్సరం చదవాలి, చిన్న కాటామీద తూచాలి, స్కేలుతో అడ్డుకొలత చూడాలి. పట్టికలోని బరువుకు మన నాణెం బరువు బాగా తేడాగా ఉంటే అది నకిలీ కావచ్చు.

పాతదైతే చాలు, విలువ ఎక్కువ అనుకోవడం పొరపాటు. 1967 తేదీతో వచ్చిన పెన్నీలు 65 కోట్లకు పైగా ఉన్నాయి. అంత విరివిగా దొరికే దానికి ఎవరు పెద్ద ధర ఇస్తారు? దీనికి ఎదురుగా, 2009లో లండనులోని క్యూ గార్డెన్సు పేర వచ్చిన 50 పెన్సుల నాణెం కొత్తదే అయినా 2,10,000 మాత్రమే ముద్రించారు గనుక ముఖవిలువకు ఎన్నో రెట్లు పలుకుతోంది. అదే బొమ్మతో 2019 తేదీ వేసి మళ్లీ సేకరణదారుల కోసం ముద్రించారు. బొమ్మ ఒకటే గాని ధర ఒకటి కాదు.

ప్రకటనల్లో తరచు కనబడే "న్యూ పెన్స్" నాణెం సంగతి కూడా ఇంతే. 1971 నుండి 1981 వరకు వచ్చిన రెండు పెన్సుల నాణేలన్నిటిమీద ఆ మాట ఉంటుంది. వాటికి ముఖవిలువ తప్ప ప్రత్యేక విలువ లేదు. 1982లో ఆ మాట తీసి "టూ పెన్స్" అని మార్చారు. ఆ మార్పు జరిగిన తరువాత 1983లో ప్రత్యేక సెట్లలో పెట్టిన కొన్ని నాణేలమీద పొరపాటున పాత మాటే పడింది. విలువైనవి అవే. ప్రకటన "న్యూ పెన్స్" అని మాత్రమే అరుస్తుంది, 1983 అన్న సంగతి మింగివేస్తుంది.

మూడవది: నాణెం స్థితి

పట్టికలో ఒకే నాణేనికి నాలుగైదు ధరలు వరుసగా కనబడతాయి. అరుగుదలను బట్టి ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని విభజించారు. ఇక్కడ మనవారు ఎక్కువగా బోల్తా పడతారు. ఫైన్ అంటే బాగున్నదని మాటకు అర్థం గాని, నాణేల పట్టికలో అది బాగా అరిగినదని అర్థం. చేతులు మారి వచ్చిన పాత నాణేలు ఎక్కువగా ఆ వరుసకో దానికి కింది వరుసకో చెందుతాయి. చివరి వరుస ధర చెమ్మకూడా తగలకుండా దాచిన నాణేనిది. దానిని చూసి మన నాణేనికి ఆశ పెట్టుకోకూడదు.

మరొక ముఖ్యమైన మాట. పండుగకు ఇత్తడి సామాను తోమినట్లు పాత నాణేన్ని చింతపండుతోనో ముగ్గుపిండితోనో తోమవద్దు. మెరుపు వస్తుంది గాని విలువ పోతుంది. సేకరించేవారు ఆ సహజమైన నలుపునే కోరుకుంటారు. తోమిన గీతలు మరల పోవు.

నాలుగవది: ఏ ధర నిజమైన ధర?

ఈబే వంటి అమ్మకపు చోట్ల ఎవరైనా ఎంత ధరైనా అడగవచ్చు. సంతలో గేదెకు లక్ష చెప్పినంత మాత్రాన అది లక్ష గేదె కాదు గదా. కాబట్టి అడిగిన ధర కాక, అమ్ముడుపోయిన ధర చూడాలి. అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే ఏర్పాటు అక్కడే ఉంది. వేలం సంస్థలు కూడా తమ పాత వేలాల ధరలను చూపుతాయి. ఒక్క అమ్మకం చూసి ఆగక ఐదారు చూసి మధ్యస్థంగా లెక్క కట్టాలి. ధర పౌనులలో ఉందో డాలర్లలో ఉందో కూడా గమనించాలి.

పట్టికలలో సాధారణంగా ఉండేది వ్యాపారి మనకు అమ్మే ధర. మన దగ్గర కొనేటప్పుడు అతడు అంతకంటె తక్కువే ఇస్తాడు. అది మోసం కాదు, అతని జీవనం. అయితే ఎంత తక్కువ అన్నది మనం ముందే తెలుసుకొని వెళ్తే బేరం సమానంగా జరుగుతుంది.

సవరను విషయం

మనవైపు ఎనిమిది గ్రాముల బంగారాన్ని కాసు అంటాం. సవరను అనే మాట కూడా వింటుంటాం. ఆ మాట బ్రిటను బంగారు నాణెమైన సావరిన్ పేరునుండి వచ్చింది. దాని బరువు 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, అందులో స్వచ్ఛమైన బంగారం 7.32 గ్రాములు. ఆనాటి మేలిమి బంగారం ధరను 7.32తో గుణిస్తే దాని లోహపు విలువ వస్తుంది. కొట్టువారు తరుగు పేరుతో ఎక్కువగా కోస్తే ఈ లెక్క వారి ముందు పెట్టండి. 1918లో బొంబాయిలో కూడా సావరిన్లు ముద్రించారు. గుర్రం కాళ్ల కింద నేలమీద ఇంగ్లీషు ఐ అక్షరం చిన్నదిగా ఉంటుంది. మామూలు సావరిన్ల ధర బంగారం ధరతో పాటే నడుస్తుంది. కొన్ని సంవత్సరాలవి మాత్రం అంతకు మించి పలుకుతాయి. కాబట్టి కరిగించక ముందే సంవత్సరాన్ని పట్టికలో చూడండి. కరిగిన నాణేన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కాసులపేరులో గుచ్చడానికి రింగు అతికించిన నాణేనికి సేకరణ విలువ తగ్గినా బంగారపు విలువ తగ్గదు.

మోసాలనుండి జాగ్రత్త

ఫోను చేసి, "మీ నాణేనికి ఐదు లక్షలు ఇస్తాం, ముందు రిజిస్ట్రేషను రుసుము, తరువాత పన్ను కట్టండి" అనేవారు కొనేవారు కారు. నిజంగా కొనేవాడు డబ్బు ఇస్తాడు గాని అడగడు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా కమీషన్లు వసూలు చేసేవారిని గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. తాను ఇటువంటి వ్యవహారాలు చేయననీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది. ఓటీపీ, బ్యాంకు వివరాలు, ఆధారు ప్రతి ఎవరికీ పంపవద్దు.

చట్టం మాట కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణేన్ని మనంతట మనం విదేశాలకు పంపరాదు. బ్రిటనులో మంచి ధర ఉన్నదని తపాలాలో వేయడం నేరమవుతుంది. పొలం దున్నేటప్పుడు భూమిలో నాణేల పాత్ర దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలి.

చదువరులారా, ఒక సాయంత్రం పెట్టె దించి, పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ పని చేయండి. ఒక్కొక్క నాణెం దేశం, సంవత్సరం, బరువు, స్థితి ఒక నోటుపుస్తకంలో రాయించండి. దాని ఎదురుగా అమ్ముడుపోయిన ధర రాయించండి. ఎక్కువ వాటికి కొద్ది రూపాయలే రావచ్చు. అప్పుడు అమ్మకుండా తాత జ్ఞాపకంగా దాచుకోవచ్చు. ఏ ఒక్కదానికైనా నిజంగా విలువ ఉంటే, కష్టకాలంలో ఆ పుస్తకం మీ చేతిలో ఉంటుంది. అప్పుడు ఎవరో చెప్పిన ధరకు తల ఊపవలసిన అవసరం ఉండదు.